ఇరుసు విరిగితే ఇనుముదేనా తప్పు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒక్కటే అడిగాయి: “విరిగినదాని బదులు వేయడానికి ఇంతకంటే గట్టి ఉక్కు ఏదైనా ఉందా?” ఉంది, డబ్బులిస్తే ఎవరైనా ఇస్తారు. అయితే విరిగిన ముక్కను పాత సామాన్ల బండికి వేసే ముందు ఒక్కసారి వెలుతురులో పెట్టి చూడండి. ఆ ఖర్చు అవసరమో కాదో చాలావరకు అదే చెబుతుంది.

ప్రశ్న: మా రైసు మిల్లులో బ్లోయరు షాఫ్టు నాలుగు నెలలకోసారి తెగుతోంది. ఈఎన్-8 (మామూలు షాఫ్టు ఉక్కు) రాడ్డు. బేరింగు కూర్చునే చోట 50 మి.మీ., దాన్ని ఆనుకుని 60 మి.మీ. కాలరు. ప్రతిసారీ పులీ వైపున, సరిగ్గా ఆ మెట్టు దగ్గరే తెగుతుంది. నిమిషానికి 960 చుట్లు, రోజుకు 16 గంటలు నడుస్తుంది. ఈసారి ఈఎన్-24 (ఇంకా గట్టి ఉక్కు)తో చేయిద్దామని టర్నరు అంటున్నాడు. చేయించమంటారా? — మిర్యాలగూడ

జవాబు: ఇప్పుడే వద్దు. సరుకు నాసిరకమైతే ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ తెగాలి. ప్రతి షాఫ్టూ ఒకే గీత మీద తెగిందంటే అనుమానించాల్సింది ఆ గీతను.

ముందు తెగిన ముఖాన్ని డీజిలుతో కడగండి. వైరు బ్రష్షు పెట్టకండి. రెండు ముక్కల్నీ ఒకదానికొకటి ఆనించి “సరిపోయిందా” అని చూడటం అందరికీ ఉన్న అలవాటే, కానీ దాంతో గుర్తులు నలిగిపోతాయి. పక్కనుంచి టార్చి వేసి చూడండి. అంచు దగ్గర మొదలై లోపలికి నునుపుగా ఒక భాగం, దానిలో వంపు తిరిగిన సన్నటి చారలు కనిపిస్తాయి. వేసవిలో చెరువు నీరు తగ్గుతూ పోతే గట్టున మిగిలే చారలు ఎలా ఉంటాయో అలాగే. మిగిలిన కాస్త భాగం మాత్రం అచ్చు బెల్లం విరిచినట్టు పలుకులు పలుకులుగా ఉంటుంది. నునుపు భాగం నెలల తరబడి పాకిన పగులు. గరుకు భాగం ఆఖరి క్షణంలో ఒక్కసారిగా తెగిపోయింది.

ఈ రెంటి నిష్పత్తి చూడాలి. గరుకు భాగం ముఖంలో ఐదో వంతో ఆరో వంతో ఉంటే, ఆ కాస్త ఇనుమే చివరిదాకా బరువు మోసిందన్నమాట. అంటే షాఫ్టు మీద పడే భారం ఎక్కువేమీ కాదు, పగులు పుట్టించిన మూలే దోషి. గరుకు భాగం సగానికి మించి ఉంటే భారమే ఎక్కువైంది. అంచు చుట్టూ రంపపు పళ్ళలా చిన్న చిన్న మెట్లు కనిపిస్తే పగులు ఒకేసారి చాలా చోట్ల పుట్టినట్టు. అది పదునైన మూలకు ఖాయమైన గుర్తు.

షాఫ్టు తిరిగే ప్రతి చుట్టుకూ అంచులోని ప్రతి బిందువూ ఒకసారి సాగి ఒకసారి నొక్కుకుంటుంది. బెల్టు లాగుడు ఒకే దిక్కున ఉంటుంది, షాఫ్టు మాత్రం తిరుగుతూ ఉంటుంది కదా. మీ లెక్క ప్రకారం నాలుగు నెలల్లో ఇలా సుమారు 11 కోట్ల సార్లు. మూల మరీ పదునుగా, 0.2 మి.మీ. రేడియస్సుతో ఉంటే మీ 50–60 మెట్టు దగ్గర ఒత్తిడి మామూలు కంటే మూడు రెట్లు దాటుతుంది. అదే మూలను 3 మి.మీ. రేడియస్సుతో గుండ్రంగా తీస్తే 1.8 రెట్ల దగ్గరికి దిగుతుంది. ఒక్క పైసా ఖర్చు లేకుండా దాదాపు సగం. ఈఎన్-24 వేసి మూలను అలాగే ఉంచితే ఆ లాభంలో చాలా భాగం పోతుంది, ఎందుకంటే ఉక్కు గట్టిపడే కొద్దీ గాటుకు ఎక్కువ లొంగుతుంది. షాఫ్టు వంగడం తగ్గుతుందన్న ఆశా వద్దు. ఏ ఉక్కు తీసుకున్నా సాగే గుణకం (వంగకుండా తట్టుకునే బిరుసు) 200 గిగాపాస్కళ్ళ చుట్టుపక్కలే, ఒకే సైజులో అన్నీ ఒకేలా వంగుతాయి.

ఇక్కడ మీ టర్నరు ఒక అడ్డు చెబుతాడు, అది న్యాయమైనదే: “అంత రేడియస్సు ఇస్తే బేరింగు కాలరుకు ఆనదు.” మీ 50 మి.మీ. షాఫ్టుకు వచ్చే 6210 బేరింగు లోపలి రింగు మూల రేడియస్సు 1.1 మి.మీ. నుంచి మొదలు, కాబట్టి షాఫ్టు మూల 1 మి.మీ. మించకూడదు. దీనికి ఉపాయం ఒక వలయం. కాలరును 8 మి.మీ. వెనక్కి జరిపి తిప్పించండి. మూలకు 3 మి.మీ. రేడియస్సు ఇవ్వండి. 50 లోపలి, 60 వెలుపలి కొలతలతో 8 మి.మీ. మందం వలయం చేయించి, కాలరు వైపు లోపలి అంచును 45 డిగ్రీల్లో 3.5 మి.మీ. చెక్కించండి. వలయం కాలరుకు ఆనుతుంది, బేరింగు వలయానికి ఆనుతుంది, గుండ్రటి మూల చెక్కిన ఖాళీలో హాయిగా ఇముడుతుంది. వలయం రెండు ముఖాలూ సమాంతరంగా ఉండాలి. 0.02 మి.మీ. తేడా దాటితే బేరింగు వంకరగా కూర్చుంటుంది.

తిప్పేటప్పుడు మూల దగ్గర టూలు గీతలు మిగలకూడదు. వేలి గోరు పెట్టి లాగితే పట్టుకుందంటే 320 నంబరు ఎమెరీ గుడ్డతో మళ్ళీ తోమాలి. కీ గాడిని మెట్టు దాకా లాక్కురావద్దు, 10 మి.మీ. ముందే ఆపాలి. పులీని బేరింగుకు వీలైనంత దగ్గరగా జరపాలి. బెల్టును వీణ తీగలా బిగించే అలవాటుంటే మానాలి: రెండు పులీల మధ్య మీటరు దూరముంటే, మధ్యలో నొక్కినప్పుడు 16 మి.మీ. దిగడం సరైన బిగువు. ఎంత బలంతో నొక్కాలో బెల్టు కంపెనీ పట్టికలో ఉంటుంది. ఇవన్నీ చేశాక కూడా తెగితే అప్పుడు ఈఎన్-24 మాట ఎత్తండి.

ప్రశ్న: రోటవేటరు షాఫ్టు విరిగితే వెల్డింగు చేయించాం. అతుకు చూడ్డానికి బాగానే ఉంది. మూడో రోజు పొలంలో అతుకు కాకుండా దాని పక్కన తెగింది. తప్పు వెల్డరుదా, షాఫ్టుదా? — నంద్యాల

జవాబు: “పక్కన తెగింది” అన్న మాటలోనే జవాబు ఉంది. కరిగి గడ్డకట్టిన అతుకు బాగానే ఉంది. దాన్ని ఆనుకుని రెండు మూడు మి.మీ. మేర కరగకుండా ఎర్రబడిన పట్టీ ఒకటి ఉంటుంది. చుట్టూ ఉన్న చల్లటి ఇనుము వేడిని లాగేయడంతో ఆ పట్టీ క్షణాల్లో చల్లారుతుంది. కాలిన కత్తిని కమ్మరి నీళ్ళలో ముంచితే జరిగేదే అక్కడా జరిగి, గాజులా పెళుసెక్కింది. గేట్లకూ గ్రిల్లులకూ వాడే ఎమ్మెస్ (మెత్తటి ఉక్కు)లో కార్బన్ 0.2 శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి ఈ బెడద లేదు. ఈఎన్-8 లాంటి షాఫ్టు రాడ్డులో 0.4 శాతం. గేటు అతికినట్టు షాఫ్టు అతకదు.

మూడో రోజు తెగడానికి ఇంకో కారణం తోడై ఉంటుంది. వెల్డింగు రాడ్డు పూతలో చేరిన తేమ ఆర్కు వేడికి విడిపోయి, అందులోని హైడ్రోజన్ ఆ పెళుసు పట్టీలోకి దూరుతుంది. ఆ పగులు వెంటనే కనిపించదు, ఒక రోజో రెండు రోజులో తీసుకుంటుంది. సాయంత్రం చూసి “భేష్” అనుకున్న అతుకు మర్నాటికి లోపల చీలి ఉండొచ్చు.

షాఫ్టు మళ్ళీ అతకాల్సి వస్తే రెండు కొసల్నీ పెన్సిలు చెక్కినట్టు చెక్కించండి, మధ్యలో 8–10 మి.మీ. మిగిలేలా. ఆ మొన లేకపోతే వరస కుదరదు. యాంగిల్ పట్టీలో పడుకోబెట్టి బిగించి, అతుకుకు రెండు పక్కలా 75–100 మి.మీ. దాకా 200–250 డిగ్రీలకు గ్యాసు మంటతో వేడి చేయాలి. వేడి కొలిచే సుద్దముక్క లేకపోతే మామూలు 60–40 టంకం తీగతో సరిపెట్టుకోవచ్చు. అతుక్కి దూరంగా షాఫ్టుకు ఆనిస్తే 190 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగిన టంకాన్ని పూర్తిగా తుడిచేయాలి, అది అతుకులో కలిస్తే కొత్త తలనొప్పి. వెల్డింగు రాడ్డు 7018 రకం (హైడ్రోజన్ తక్కువ వదిలేది). డబ్బా విప్పి రోజులైతే 350 డిగ్రీల ఓవెన్‌లో గంట కాల్చిన తర్వాతే వాడాలి. ఎండలో ఆరబెట్టిన రాడ్డు ఎండినట్టు కాదు. ఒక పొర ఇటు వేస్తే తర్వాతి పొర దానికి ఎదురు వైపు వేయాలి, లేకపోతే షాఫ్టు వంకర పోతుంది. పొరకూ పొరకూ మధ్య వేడి 200 కంటే దిగనివ్వకూడదు. పని కాగానే నీళ్ళు చల్లేవాళ్ళను దగ్గరికి రానివ్వకండి. పొడి సున్నంలోనో బూడిదలోనో పూడ్చి మర్నాటి దాకా వదిలేయండి. చివర్లో ఉబ్బు గ్రైండు చేసి సమం చేయాలి. ఆ ఉబ్బు అంచు కూడా పైన చెప్పిన పదునైన మూల లాంటిదే.

ఇంత చేసినా ఇది పంట గండం గట్టెక్కడానికే. కొత్త షాఫ్టు ఆర్డరు పెట్టుకోండి. ట్రాలీ ఇరుసు, స్టీరింగు, బ్రేకు భాగాలైతే అసలు వెల్డింగు మాటే వద్దు.

ప్రశ్న: కారం మరకు 6308 బేరింగు వేస్తే పదిహేను రోజులకే కాలిపోతోంది. గ్రీజుకు లోటు చేయడం లేదు, రోజూ నిండా కొడుతున్నాం. — గుంటూరు

జవాబు: లోటు చేయకపోవడమే లోపం. నిండిన గ్రీజును బంతులు తిరిగిన ప్రతిసారీ చిలుకుతాయి, చిలికిన కొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కితే నూనె విడిపోయి గ్రీజుకు చిక్కదనమిచ్చే సబ్బు మిగులుతుంది. బేరింగు లోపల నింపి, హౌసింగు ఖాళీలో మూడో వంతు నుంచి సగం దాకా పెడితే చాలు. తర్వాత ఎప్పుడు కొట్టినా ఎంత కొట్టాలన్నదానికి తేలిక లెక్క ఒకటుంది: వెలుపలి వ్యాసాన్ని వెడల్పుతో, దాన్ని 0.005తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 6308 కొలతలు 90 మి.మీ., 23 మి.మీ. కాబట్టి పది గ్రాములు. మీ గ్రీజు గన్ను పది సార్లు కొట్టి కిరాణా త్రాసు మీద తూచండి, ఒక్క దెబ్బకు ఎంత వస్తుందో తెలిసిపోతుంది. కొట్టాక కాసేపు వేడి పెరిగి తగ్గడం మామూలే. గంటల తరబడి తగ్గకపోతే ఎక్కువైనట్టు.

కాలిన బేరింగును కోసి లోపల బంతులు తిరిగే దారి చూడండి. బంతుల ఎడానికి సరిపోయే దూరాల్లో గుంటలు పడి ఉంటే, ఎక్కించేటప్పుడు బయటి రింగు మీద సుత్తి పడింది. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు దెబ్బ లోపలి రింగుకే తగలాలి. దెబ్బ అవసరం లేకుండా నూనెలో 110 డిగ్రీలకు వేడి చేస్తే ఇంకా మేలు. 30 నుంచి 110కి వెళ్ళేసరికి 40 మి.మీ. రంధ్రం 0.038 మి.మీ. పెద్దదవుతుంది, చేత్తోనే జారుతుంది. గిన్నె అడుగుకు తగలకుండా జల్లెడ మీద ఉంచండి. 120 దాటనివ్వద్దు. గ్యాసు మంట నేరుగా పెడితే పదును (ఉక్కు గట్టిదనం) దిగిపోతుంది. బట్టలుతికే చెక్కలా అడ్డ గీతలు వరసగా కనిపిస్తే అది కరెంటు పని: మర మీద వెల్డింగు చేసినప్పుడు ఎర్తు క్లాంపు దూరంగా తగిలించారు, కరెంటు బేరింగు గుండా పోయింది. ఇక రకరకాల గ్రీజులు కలపకండి. లిథియం గ్రీజులో బెంటోనైటు రకం పడితే పలచబడి కారిపోయే ప్రమాదం ఉంది.

కారం పొడి దుమ్ము సంగతి వేరే చెప్పాలా? సీలు లేని బేరింగు మీకు పనికిరాదు. రెండు వైపులా రబ్బరు సీలున్న 2ఆర్ఎస్ రకం వేస్తే మళ్ళీ గ్రీజు కొట్టే పనే ఉండదు.

ప్రశ్న: లారీ కమాను పట్టీలతో కొబ్బరికాయలు దించే, కొట్టే కత్తులు చేస్తాం. నీళ్ళలో ముంచగానే కొన్ని “టిక్”మని పగులుతున్నాయి. పగలనివి కొన్నిటికి అంచు మడత పడుతోంది. ఒకే పట్టీలో ఇంత తేడా ఏంటి? — అమలాపురం దగ్గర కమ్మరి కుటుంబం

జవాబు: టిక్‌మన్న శబ్దం మీరు విన్నారంటే రోగం సగం తెలిసినట్టే. కమాను ఉక్కు నీళ్ళకు తగింది కాదు, నూనెకు తగింది. మన దగ్గర ఎక్కువగా దొరికే ఈఎన్-45 పట్టీలో కార్బన్ 0.5–0.6 శాతం, సిలికాన్ 1.5–2 శాతం, మాంగనీసు 1 శాతం దాకా ఉంటాయి. ఇవి ఉన్న ఉక్కు నెమ్మదిగా చల్లారినా పదును ఎక్కుతుంది. నీళ్ళలో పడితే పైపొర బిగుసుకుంటుంటే లోపలిది ఇంకా వేడిగా ఉండి తర్వాత ఉబ్బుతుంది, ఆ పోరులో అంచు చీలుతుంది. అన్ని కమాన్లూ ఈఎన్-45 కాదు, క్రోమియం రకాలూ ఉన్నాయి. అవి కూడా నూనెవే.

వేడి ఎంత అన్నదే అసలు పట్టు. ఒక అయస్కాంతం ముక్కను తీగకు కట్టి కొలిమి పక్కన వేలాడదీయండి. ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతాన్ని వదిలేస్తుంది. వదలగానే ముంచితే తక్కువే, అంచు మడత పడే కత్తులు ఇవే అయ్యుంటాయి. అక్కడి నుంచి రంగు ఇంకో మెట్టు ఎక్కి, నీడలో చూస్తే ముదురు ఎరుపు పోయి నారింజ వైపు తిరగాలి. అది 850–870. ఎండలో రంగు చూసి నిర్ణయించొద్దు, ఎండలో 850 కూడా మసక ఎరుపులానే కనిపిస్తుంది. కొలిమి చీకటి మూలన ఉండాలని పెద్దవాళ్ళు పెట్టుకున్నది అందుకే.

నూనె గోరువెచ్చగా, 50–60 డిగ్రీల్లో ఉండాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని త్వరగా లాగదు. కిలో ఇనుముకు 8–10 లీటర్లు. ఇనుప డ్రమ్ము, దానికి సరిపడా మూత, పక్కన ఇసుక. చుక్క నీరు కూడా డ్రమ్ములో ఉండకూడదు, ఆవిరై నూనెను పైకి చిమ్ముతుంది. పాత ఇంజను ఆయిలు చవకే కానీ ఆ పొగ పీల్చదగ్గది కాదు. కత్తిని అంచు కిందికి ఉండేలా నిలువుగా దించి, ముందుకీ వెనక్కీ కదపండి. పక్కలకు ఊపితే వంకర తిరుగుతుంది. ఆకురాయి వేసి చూడండి: గాజు మీద జారినట్టు జారితే పదును ఎక్కింది, పళ్ళు దిగితే ఎక్కలేదు. అయితే ముందు పైపొర కాస్త గ్రైండు చేశాక చూడాలి. సిలికాన్ ఎక్కువున్న పట్టీ కొలిమిలో పైన కార్బన్ పోగొట్టుకుని మెత్తబడుతుంది, లోపల బాగున్నా ఆకురాయి మోసపోతుంది. అంచుకు 0.5 మి.మీ. అరగదీతకు ఉంచుకోండి.

ఈ దశలో కత్తి గట్టిదే కానీ పెళుసు. గంట లోపు పదును కాస్త దించాలి. ముఖాన్ని ఎమెరీతో తళతళలాడేలా తోమి, ఎర్రగా కాల్చిన మందపాటి పట్టీ మీద కత్తి వెన్నును ఆనించండి. రంగులు వెన్ను నుంచి అంచు వైపు పాకుతూ వస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, 225 డిగ్రీలు. తర్వాత పాకం బెల్లం రంగు, 255. ఆపైన వంకాయ రంగు, 280. దాని వెనక నీలం, 300. కొబ్బరికాయ కొట్టే కత్తికి అంచు దగ్గర పాకం బెల్లం రంగు రాగానే నూనెలో ముంచి ఆపేయండి. అప్పటికి వెన్ను నీలం దాటి మెత్తబడి ఉంటుంది, దెబ్బను అదే మింగుతుంది. రంగులు పరుగు తీస్తుంటే కింద పట్టీ మరీ వేడెక్కినట్టు, కత్తిని ఎత్తి ఎత్తి ఆనించండి.

వేడి ఎక్కువైందా అన్నది తెలుసుకోవాలంటే అదే పట్టీ నుంచి బొటనవేలంత ముక్క తీసి, నూనెలో ముంచి, పదును దించకుండానే వైసులో పెట్టి సుత్తితో విరగ్గొట్టండి. విరిగిన ముఖం బూడిద రంగు పట్టుగుడ్డలా ఉంటే వేడి సరిపోయింది. కల్లుప్పులా మెరిసే పలుకులు కనిపిస్తే ఎక్కువైంది, ఆ వేడిలో చేసిన కత్తులన్నీ ఎప్పుడో ఒకప్పుడు చిట్లుతాయి. కొత్త పట్టీ కొన్నప్పుడల్లా ఈ ఒక్క ముక్క విరవడం దండగ కాదు.

ఒకే పట్టీలో తేడా రావడానికి ఇంకో సంగతి: అది లారీ కింద ఏళ్ళ తరబడి ఊగిన పట్టీ. మధ్య బోల్టు రంధ్రం చుట్టూ కంటికి కనిపించని పగుళ్ళుంటాయి. కిరసనాయిలు పూసి పది నిమిషాలాగి, తుడిచి, సుద్దపొడి చల్లితే పగులున్న చోట తడి గీత పైకి తేలుతుంది. ఆ మేర కోసి పారేయండి. ఒకప్పుడు నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా కత్తులకు వెళ్ళింది. దానిలో కార్బన్ మీ కమాను పట్టీ కంటే రెండు మూడు రెట్లు. మరీ కాల్చి సమ్మెట వేస్తే చిట్లిపోయేది. దాన్ని మలచినవాళ్ళకూ కొలిమి రంగే థర్మామీటరు.

ప్రశ్న: సముద్రం ఎదురుగా ఉన్న మా అపార్టుమెంటులో స్టీలు రెయిలింగు వేసి ఏడాది కాలేదు, గోధుమ రంగు మరకలు. అయస్కాంతం అంటుకోవడం లేదు కాబట్టి 304 సరుకేనని కాంట్రాక్టరు వాదన. — విశాఖపట్నం

జవాబు: ఆ వాదన నిలవదు. చవకైన 202 రకానికీ అయస్కాంతం అంటదు. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం. 202లో నికెల్ 4–6కు దించి ఆ లోటును మాంగనీసుతో పూడుస్తారు. తుప్పు తట్టుకోవడం తగ్గుతుంది, అయస్కాంతానికి మాత్రం తేడా తెలియదు. పైగా అసలైన 304 కూడా వంచిన చోట కొద్దిగా అంటుకుంటుంది. మాంగనీసును పట్టే ద్రవం చిన్న బ్యాటరీతో కలిపి స్టీలు దుకాణాల్లో దొరుకుతుంది. చుక్క వేసి బ్యాటరీ తాకిస్తే 202 అయితే ఎర్రబడుతుంది. కాంట్రాక్టరు ఎదురుగానే వేయండి.

304 అని తేలినా మరకలు రావచ్చు. సముద్రపు గాలిలోని ఉప్పుకు 304 చాలదు, రెండు మూడు శాతం మాలిబ్డినం ఉన్న 316 వేయాల్సింది. మరకలు అతుకుల దగ్గరే గుమిగూడితే వెల్డింగు నీలి మచ్చ తీయలేదు, ఆ మచ్చను తినేసే పిక్లింగు పేస్టు పూసి కడిగించండి. చుక్కలు చుక్కలుగా ఒళ్ళంతా ఉంటే ఎమ్మెస్ కోసిన గ్రైండరు రజను ఎగిరిపడి తుప్పు పట్టింది. టైల్సు కడిగిన యాసిడ్ సంగతి కూడా అడగండి. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, దాని ఆవిరి తగిలినా స్టీలు పాడవుతుంది. మరకలను ఇనుప వైరు బ్రష్షుతో గీకితే మరిన్ని మరకలు నాటినట్టే. మంచినీళ్ళు, సబ్బు, మెత్తటి గుడ్డ, పదిహేను రోజులకోసారి. వాన తగలని అడుగు వైపు మర్చిపోకండి, ఉప్పు నిలిచేది అక్కడే.

ప్రశ్న: పంపుసెట్టు బీడు (కాస్ట్ ఐరన్) కేసింగు కాలు దగ్గర పగిలింది. వెల్డింగు నిలుస్తుందా? — కొవ్వూరు

జవాబు: జాగ్రత్తగా చేస్తే నిలుస్తుంది, కానీ పగలగొట్టిన కారణం అలాగే ఉంటే రెండో కాలు పగులుతుంది. ముందు డెలివరీ ఫ్లాంజి బోల్టులు విప్పండి. విప్పగానే పైపు పక్కకో కిందికో జరిగితే ఇన్నాళ్ళూ దాని బరువు పంపు మీద వేలాడుతోంది. పైపు కింద ఆసరా కట్టాలి. తర్వాత కాళ్ళ బోల్టులు ఒక్కొక్కటే వదులు చేసి చూడండి. వదలగానే కాలు దిమ్మె మీంచి లేస్తే అక్కడ ఖాళీ ఉంది. దానికి సరిపడా రేకు పెట్టకుండా బోల్టు బిగిస్తే ఎమ్మెస్ అయితే వంగి ఊరుకుంటుంది, బీడుకు వంగడం తెలియదు.

అతుకు విషయానికొస్తే, పగులు రెండు కొసల్లోనూ 4 మి.మీ. రంధ్రం వేయండి, పగులు ఇంకా పాకకుండా ఆగుతుంది. గాడి చెక్కి, లోపల ఇంకిన నూనె పోయేదాకా మంటతో వేడి చేసి తుడవండి. నికెల్ రాడ్డు, 2.5 మి.మీ., వీలైనంత తక్కువ కరెంటు. ఒకేసారి 25 మి.మీ. మించి వేయొద్దు. వేసిన వెంటనే ఎర్రగా ఉండగానే చిన్న గుండ్రటి సుత్తితో టకటకా తట్టాలి. చల్లారుతూ కుంచించుకునే అతుకు ఆ దెబ్బలకు సాగి, పక్కన బీడును లాగకుండా ఉంటుంది. చేత్తో ముట్టుకోగలిగేంత చల్లబడ్డాకే తర్వాతి ముక్క. గంటలో అయిపోవాల్సిన పనికి సగం రోజు పడుతుందని వెల్డరుకు ముందే చెప్పి కూలి మాట్లాడుకోండి.

ప్రశ్న: బోల్టు తల మీద 8.8 అని ఉంటుంది. దేనికది? — పటాన్‌చెరు, అప్రెంటిస్

జవాబు: మొదటి 8ని 100తో గుణిస్తే తెగే బలం, 800 మెగాపాస్కళ్ళు (చదరపు మి.మీ.కు 800 న్యూటన్లు). చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం, 640 దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందని. ఎం12 (12 మి.మీ. వ్యాసం) బోల్టు మర (థ్రెడ్డు) దగ్గర లెక్కకొచ్చే వైశాల్యం 84.3 చదరపు మి.మీ. కాబట్టి సుమారు ఐదున్నర టన్నుల లాగుడుకు అది సాగుతుంది. తల మీద అంకె ఏమీ లేకపోతే 4.6 అనుకోండి, అది 240 దగ్గరే సాగుతుంది. నట్టు కూడా 8 గుర్తున్నదే వాడాలి, లేకపోతే బోల్టు బాగానే ఉండి నట్టు మర ఊడుతుంది. 

ప్రశ్న: సోలారు ప్యానెళ్ళ స్టాండుకు స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తున్నాం. కొత్త నట్టు సగం దూరం వెళ్ళి బిగుసుకుపోతోంది, ముందుకూ పోదు, వెనక్కీ రాదు. తుప్పు లేదు కదా? — అనంతపురం

జవాబు: తుప్పు లేకపోవడమే ఇక్కడ చిక్కు. స్టెయిన్‌లెస్‌ను కాపాడే పైపొర రాపిడికి చెరిగితే శుభ్రమైన లోహానికి లోహం తగిలి, నొక్కుడుకు రెండూ అతుక్కుపోతాయి. ఇంపాక్టు గన్నుతో బిగిస్తుంటే వెంటనే మానండి, వేగమూ వేడీ కలిస్తే పని ఖరాబు. బోల్టు మరకు నికెలో మాలిబ్డినం డైసల్ఫైడో కలిసిన యాంటీ సీజ్ (పట్టేయకుండా ఆపే) పేస్టు పలచగా రాసి, చేతి స్పానరుతో నెమ్మదిగా తిప్పండి. పేస్టు రాశాక అదే బిగువుకు తక్కువ టార్కు చాలు, పట్టికలోని పొడి టార్కు వాడితే బోల్టు సాగిపోతుంది. మర మీద ఇసుక రేణువులున్నా ఇదే గతి, సంచిలోంచి తీసి నేల మీద పోయకండి. తిప్పుతుండగా కాస్త బిగుసుకున్నట్టు అనిపించగానే ఆపి, చల్లారనిచ్చి, నూనె వేసి వెనక్కి తీయండి. ఇప్పటికే పూర్తిగా పట్టేసినవాటితో కుస్తీ పట్టొద్దు. కోసి కొత్తవి వేయడమే చవక.